బెజవాడ బస్సు గుంటూరు పక్కన ఎందుకు తేలింది? జీపీఎస్ ట్రాకుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ. ఫోన్‌లోనో బండి ట్రాకర్‌లోనో రికార్డయిన ట్రాక్‌ని క్యూజీఐఎస్‌లో (కంప్యూటర్‌లో మ్యాప్‌లు వేసి లెక్కలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచారు, ఏదో తేడాగా కనపడింది, ఎక్కడ తప్పు జరిగిందో తెలీడం లేదు. ఉత్తరాల్లోకి వెళ్ళే ముందు ఒక్క మాట. ఫోన్ రికార్డ్ చేసేది చుక్కలే, ఒక్కో చుక్కకి ఒక టైం తగిలించి పెడుతుంది అంతే, ఆ చుక్కల్ని కలిపి గీత గీసేది సాఫ్ట్‌వేర్. అందుకని గీత తేడాగా ఉన్నప్పుడల్లా చుక్కల దగ్గరికి వెళ్ళి చూడండి, కింద ఉన్న సమస్యలన్నీ అక్కడే దొరికాయి.

ప్రశ్న: సార్, పటమటలో ఒక స్కూల్ బస్సులు చూసుకునే పని నాది. బస్సులకి ట్రాకర్లు పెట్టించాం, నెలకోసారి సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన పట్టిక) వస్తది. దాన్ని క్యూజీఐఎస్‌లో వేస్తే బస్సులన్నీ గుంటూరుకి పడమర పొలాల్లో తిరుగుతున్నట్టు చూపిస్తంది. ఆకారం చూస్తే మా రూటే. డ్రైవర్లు మాత్రం కృష్ణ దాటలేదు అంటున్నారు. ఎవర్ని నమ్మాలి? (బస్సుల ఇన్‌చార్జి, విజయవాడ)

జవాబు: డ్రైవర్లనే నమ్మండి సార్, దయచేసి వాళ్ళని ఒక్క మాట కూడా అనకండి, తేడా అంతా అంకెల్లో ఉంది. జీపీఎస్ చిప్ లోపల్నుంచి బయటికొచ్చే అంకెలు చాలా ట్రాకర్లలో డిగ్రీలు, నిమిషాలు కలిపేసిన పద్ధతిలో వస్తాయి. విజయవాడ అక్షాంశం సుమారు 16.51 డిగ్రీలు, అంటే 16 డిగ్రీల 30.6 నిమిషాలు. చిప్ దాన్ని 1630.6 అని రాస్తుంది. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి ఆ 30.6ని 60తో భాగించి 16కి కలపాలి, అప్పుడు 16.51 వస్తుంది. ఫైల్ తయారుచేసిన వాళ్ళెవరో మొత్తం అంకెని 100తో భాగించి ఊరుకున్నారు, 16.306 అయ్యింది, అది అచ్చంగా గుంటూరు అక్షాంశం. రేఖాంశం కూడా అంతే, 80 డిగ్రీల 37.8 నిమిషాలు అంటే 80.63 రావాల్సింది 80.378 అయ్యి కూర్చుంది. గుంటూరు ఊరు 80.44 దగ్గర ఉంది కాబట్టి మీ బస్సులు ఊరికి ఆరేడు కిలోమీటర్లు పడమరగా తేలాయి.

ఇదే అని ఖాయం చేసుకోటానికి రెండు గుర్తులు చెప్తా. ఆ కాలమ్‌లో దశాంశ చుక్క తర్వాత అంకెలు చూడండి, ఎంత కిందికి వెళ్ళినా .60 దాటి ఒక్కటి కూడా ఉండదు, ఎందుకంటే అవి నిమిషాలు, 60కి రాగానే డిగ్రీ మారిపోద్ది. రెండోది దూరం. బస్సు మీటర్‌లో 10 కిలోమీటర్లు తిరిగితే మ్యాప్‌లో 6 చూపిస్తుంది, ఆకారం సరిగ్గా ఉంటుంది గానీ మొత్తం కుంచించుకుపోయి ఉంటుంది. డీజిల్ లెక్క ఈ ఫైల్ నుంచి కడుతుంటే వెంటనే ఆపించండి, కిలోమీటర్లు తక్కువ కనపడి డీజిల్ ఎక్కువ తాగినట్టు లెక్క తేలుద్ది, ఆ నింద మళ్ళీ డ్రైవర్ మీదకే పోద్ది.

సరిచెయ్యటం పెద్ద పని కాదు. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో (క్యూజీఐఎస్‌లో పట్టిక అంకెల మీద లెక్కలు చేసే టూల్) కొత్త కాలమ్ పెట్టి, పూర్ణాంకం భాగం అలాగే ఉంచి, మిగిలిన దశాంశాన్ని 100తో గుణించి 60తో భాగించి కలపండి. అక్షాంశానికి ఒకసారి, రేఖాంశానికి ఒకసారి. పాత కాలమ్స్ మాత్రం చెరపకండి, వచ్చిన ఫైల్ వచ్చినట్టు ఒక ఫోల్డర్‌లో ఉంచి కాపీ మీదే పని చెయ్యండి.

పనిలో పని ఇంకో మూడు చూస్కోండి. సీఎస్‌వీ ఎక్కించేటప్పుడు ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం, అవి తారుమారైతే మీ బస్సు ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుద్ది. ట్రాకర్‌కి శాటిలైట్లు అందనప్పుడు కొన్ని డబ్బాలు సున్నా, సున్నా అని రాసేస్తాయి, ఆ చుక్క ఆఫ్రికాకి పడమర గినియా సింధుశాఖలో పడుద్ది, పటమట నుంచి అక్కడికి ఒక గీత వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తుంది, ఆ లైన్లు ముందే తీసెయ్యాలి. ఇంక చుక్కల్ని పాయింట్స్ టు పాత్ టూల్‌తో గీతలుగా మార్చేటప్పుడు గ్రూప్ దగ్గర బస్సు నంబరు, ఆర్డర్ దగ్గర టైం ఇవ్వండి. టైం కాలమ్ గనక రోజు-నెల-సంవత్సరం వరసలో మామూలు అక్షరాలుగా ఉంటే వరస మొత్తం పాడవుద్ది, 1వ తారీఖు జులై పక్కనే 1వ తారీఖు ఆగస్టు వచ్చి కూర్చుంటుంది, గీత సాలెగూడు లాగా తయారవుద్ది. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, ఆ వరసలోకి మార్చుకున్నాకే గీత గియ్యండి.

ప్రశ్న: అన్నా, ఆదివారాలు మేం నలుగురం గుంటూరు నుంచి కొండవీడు సైకిళ్ళ మీద పోతాం. పోవటం కలిసే, రావటం కలిసే. అయినా నా ఫోన్‌లో దూరం, మా వాడి ఫోన్‌లో దూరం కలవదు, రెండు మూడు కిలోమీటర్లు తేడా వస్తది. ఎవరిది కరెక్టు? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: తమ్ముడూ, ఇద్దరివీ సుమారు లెక్కలే. మంచి ఆకాశం కనపడే చోట కూడా మామూలు ఫోన్ చూపించే స్థానంలో ఐదు మీటర్ల దాకా తేడా ఉంటుంది, బ్రాడీపేట లాంటి మేడల మధ్య అయితే సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొచ్చి ఇంకా ఎక్కువ. నువ్వు సెకనుకో చుక్క పెడుతున్నావనుకో, ప్రతి చుక్కా కాస్త అటూ ఇటూ ఊగుద్ది, ఆ ఊగుడు అంతా దూరంలో కలుస్తా పోద్ది, లెక్క పెరుగుద్ది. మీ వాడు బ్యాటరీ మిగలాలని పది పదిహేను సెకన్లకో చుక్క పెట్టుకున్నాడనుకో, ఘాట్ రోడ్డు మలుపుల్లో చుక్కకీ చుక్కకీ మధ్య అడ్డంగా గీత పడుద్ది, మలుపు తెగిపోద్ది, లెక్క తగ్గుద్ది. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది టీ కొట్టు. మీరు అరగంట కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఫోన్ మాత్రం చుట్టూతా చుక్కలు పెడతానే ఉంటుంది, దగ్గరికి జరిపి చూస్తే గూడులాగా అల్లేసి ఉంటుంది, ఒక్కోసారి ఆ కూర్చున్న చోటే కిలోమీటర్ దాకా దూరం చేరిపోవచ్చు.

సరిచేద్దామంటే ఇట్లా చెయ్యి. జీపీఎక్స్ ఫైల్‌ని, అంటే యాప్ నీ ట్రాక్‌ని దాచే ఫైల్‌ని, క్యూజీఐఎస్‌లోకి లాగితే ఏ లేయర్లు కావాలని అడుగుద్ది, ట్రాక్స్ ఒక్కటే తీసుకోకుండా ట్రాక్ పాయింట్స్ కూడా తీసుకో. ఆ పాయింట్స్ లేయర్‌ని జియోప్యాకేజ్‌గా (మ్యాప్ డేటా దాచే ఒక రకం ఫైల్) సేవ్ చెయ్యి, చేసేటప్పుడే కోఆర్డినేట్ సిస్టమ్, అంటే స్థానాలు ఏ కొలతలో రాయాలో చెప్పేది, ఈపీఎస్‌జీ 32644 పెట్టు. అది యూటీఎమ్ (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర జోన్, 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం మధ్య ఉన్నవాళ్ళందరిదీ, గుంటూరూ విజయవాడా రెండూ అందులోనే ఉన్నాయి, అప్పట్నుంచి లెక్కలన్నీ మీటర్లలో వస్తాయి. తర్వాత ప్రతి చుక్కకీ దాని ముందు చుక్క నుంచి దూరం ఎంత, టైం తేడా ఎంత అని రెండు కాలమ్స్ తయారు చేసుకో, ఆ రెంటి నుంచి స్పీడ్ వచ్చేస్తది. సైకిల్ మీద గంటకి 80 కిలోమీటర్లు చూపిస్తే అది గెంతిన చుక్క, తీసెయ్. స్పీడ్ దాదాపు సున్నాగా ఉండి ఒకేచోట గుంపుగా ఉన్నవి టీ కొట్టు చుక్కలు, వాటిల్లో మొదటిదీ చివరిదీ ఉంచి మధ్యవన్నీ తీసెయ్. మిగిలినవాటిని టైం వరసలో గీతగా కలిపితే ఇద్దరి దూరాలూ బాగా దగ్గరికొస్తాయి.

గీతలో చుక్కలు తగ్గించి సాఫీ చేసే సింప్లిఫై అనే టూల్ గురించి ఎవరో చెప్పే ఉంటారు, అది మంచిదేగానీ ఈ 32644లోకి మార్చకముందు వాడొద్దు. డిగ్రీల్లో ఉన్న లేయర్ మీద 5 అని ఇస్తే అది 5 మీటర్లు కాదు 5 డిగ్రీలు, అంటే ఐదొందల కిలోమీటర్ల పైన, కొండవీడు ఘాట్ రోడ్డు మొత్తం పోయి ఒక్క తిన్నటి గీత మిగులుద్ది.

ఎవరి ఫోన్ నమ్మకమైందో తేల్చుకోవాలనుంటే ఒకసారి ప్రకాశం బ్యారేజీ మీదకి రండి. బ్యారేజీ పొడవు సుమారు 1223 మీటర్లు, దాదాపు తిన్నగా ఉంటుంది, రెండు పక్కలా నీళ్ళే కాబట్టి ఆకాశానికి అడ్డమేమీ లేదు. ఈ చివర్న ఒక గుర్తు, ఆ చివర్న ఒక గుర్తు పెట్టి ఆగకుండా తొక్కండి, ఏ ఫోన్ ఎంత ఎక్కువ చెప్తుందో మీకే తెలుస్తది. పొద్దున్నే రండి, తర్వాత ఆ రోడ్డు మీద రద్దీ మామూలుగా ఉండదు.

ఇంకోటి, ఫోన్ బ్యాటరీ సేవర్ మధ్యలో యాప్‌ని ఆపేస్తే కూడా తిన్నటి గీత పడుద్ది, సిగ్నల్ పోయిందేమో అనుకుంటారు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు లేకుండా పెట్టుకోండి. పోయిన చుక్కల్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.

ప్రశ్న: విజయవాడ నుంచి గుంటూరుకి ట్రాక్ వేశాను, ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో పొడవు లెక్కేస్తే 0.28 చిల్లర వచ్చింది. కిలోమీటర్లా, ఏంటది? (గవర్నర్‌పేట)

జవాబు: డిగ్రీలండీ. ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా 30 కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది, డిగ్రీల్లో కొలిస్తే పావు పైన అంతే వస్తుంది. పైన చెప్పినట్టు 32644లోకి మార్చి లెక్కెయ్యండి, లేదంటే డాలర్ గుర్తుతో మొదలయ్యే లెంగ్త్ వాడండి, అది భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఎలిప్సాయిడ్ (లెక్కకి వాడే భూమి ఆకారం) ఉందో లేదో మాత్రం చూస్కోవాలి. రెండు పద్ధతుల మధ్యా మన దగ్గర కిలోమీటర్‌కి 40 సెంటీమీటర్ల తేడా కూడా రాదు, దాని గురించి కంగారు పడక్కర్లేదు.

ప్రశ్న: ఉండవల్లి గుహల దాకా నడిచిన ట్రాక్‌లో ఎత్తు మైనస్ 55, మైనస్ 60 అని వచ్చింది. మన ఊరు సముద్రం కంటే కిందుందా? (తాడేపల్లి)

జవాబు: లేదండీ, విజయవాడ సముద్రమట్టానికి 20 మీటర్ల చిల్లర పైనే ఉంది. జీపీఎస్‌కి సముద్రం తెలీదు, భూమిని పైనా కిందా కాస్త నొక్కిన నున్నటి బంతి అనుకుని ఆ పైపొర నుంచి ఎత్తు కొలుస్తది. నిజం సముద్రమట్టం, గురుత్వాకర్షణ తేడాల వల్ల, ఆ పొరకి కొన్ని చోట్ల పైనా కొన్ని చోట్ల కిందా ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద అది బాగా కిందకి దిగిపోయింది మన పక్కనే, శ్రీలంకకి దక్షిణంగా హిందూ మహాసముద్రంలో, అక్కడ వంద మీటర్ల పైనే లోతు. ఆ పల్లం అంచు మన దాకా వచ్చింది, ఇక్కడ సుమారు 80 మీటర్ల తేడా. 20లోంచి 80 తీస్తే మైనస్ 60, మీ ఫోన్ దాని పద్ధతిలో కరెక్టే చెప్పింది. కొన్ని యాప్‌లలో ఈజీఎం అనే సవరణ ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోద్ది. లేదంటే ఎస్ఆర్‌టీఎమ్ (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) రాస్టర్, అంటే గడికో ఎత్తు రాసి ఉన్న పటం, తెచ్చుకుని క్యూజీఐఎస్‌లో డ్రేప్ టూల్‌తో ట్రాక్‌కి ఆ ఎత్తులు ఎక్కించుకోండి. మెట్లెక్కిన లెక్క కోసం అయితే ఫోన్ ఎత్తులు చుక్క చుక్కకీ కూడుకుంటా పోవద్దు, పక్కకి వచ్చే తేడా కంటే నిలువుగా వచ్చే తేడా ఎక్కువ.

ప్రశ్న: నమస్తే అండీ. ప్రత్తిపాడు దగ్గర మాకు మిరప చేను ఉంది, ఎకరం అంటారు. కౌలు మాట్లాడుకునేటప్పుడు గట్టు చుట్టూ ఫోన్ పట్టుకుని నడిచి ఏరియా లెక్కేస్తే ఒకసారి 112 సెంట్లు, ఇంకోసారి 91 సెంట్లు వచ్చింది. కౌలుదారు, మా నాన్న ఇద్దరూ దీని మీదే వాదులాడుకుంటున్నారు. (గుంటూరు జిల్లా)

జవాబు: ముందు ఇద్దర్నీ ఆ ఫోన్ అంకె మీద వాదన ఆపమనండి, అది ఆ పనికి సరిపోయే అంకె కాదు. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు, నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 63.6 మీటర్లు. నాలుగు పక్కలా గీత 3 మీటర్లు బయటికి జరిగిందనుకోండి, పక్క 69.6 అయ్యి దాదాపు 120 సెంట్లు వస్తుంది. 3 మీటర్లు లోపలికి జరిగితే 82 సెంట్లు. అంటే ఫోన్‌కి మామూలుగా ఉండే తేడాలోనే మీ రెండు లెక్కలూ ఇమిడిపోయాయి, ఫోన్ పాడవలేదు, మీరు నడవటంలోనూ లోపం లేదు. ఇదే పది ఎకరాల చెక్క అయితే అదే 3 మీటర్లు బయటికి జరిగినా 10.6 ఎకరాలు వస్తుంది, అక్కడ ఆరు శాతం తేడా, ఇక్కడ ఇరవై. చిన్న చేలకే ఈ పద్ధతి బాగా దెబ్బ కొడుతుంది, మన దగ్గర ఎక్కువ మంది రైతులవి చిన్న చేలే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మందు ఎంత కొట్టాలి, నారు ఎంత కావాలి లాంటి వాటికి దగ్గర దగ్గర లెక్క చాలనుకుంటే నడుస్తా రికార్డ్ చెయ్యటం కంటే మూలల దగ్గర ఆగండి. ఒక్కో మూల రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడి చుక్కలన్నిటి సగటు తీసి ఒక వేపాయింట్ (గుర్తు చుక్క) పెట్టుకోండి, అదే పని ఇంకో రోజు ఇంకో టైంలో మళ్ళీ చెయ్యండి. ఆ వేపాయింట్లని క్యూజీఐఎస్‌లో శాటిలైట్ బొమ్మ మీద వేసి గట్టు కనపడే చోట గట్టు వెంబడే పాలిగన్ (చుట్టూ మూసిన ఆకారం) గియ్యండి, నడిచిన గీత కంటే ఇది చాలా నయం.

కౌలు డబ్బుకీ హద్దు గొడవకీ మాత్రం సర్వేయర్‌ని పిలిపించుకోవాల్సిందే. ఎఫ్ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల పుస్తకం) కొలతలు ఉంటాయి, రీసర్వేలో వాడిన రోవర్లు, అంటే చేత్తో మోసుకెళ్ళే జీపీఎస్ పరికరాలు, స్థిరంగా ఉండే రిఫరెన్స్ స్టేషన్ల నుంచి సవరణ తీసుకుని సెంటీమీటర్లలో స్థానం చెప్తాయి. మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి, ఇన్నాళ్ళ పరిచయం ఉన్న కౌలుదారుతో ఫోన్ యాప్ వల్ల మాట తేడా తెచ్చుకోవద్దు.

ప్రశ్న: సార్, మేం సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థినులం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదొచ్చినప్పుడు సింగ్ నగర్ వైపు నీళ్ళు ఎంత ఎత్తు నిలబడ్డాయో గోడల మీద గుర్తులు ఫొటోలు తీస్తా, ఫోన్‌లో ట్రాక్ కూడా రికార్డ్ చేశాం. కెమెరా వేరే, దాంట్లో జీపీఎస్ లేదు. ఫొటో టైంకీ ట్రాక్ టైంకీ కలపబోతే ఒక్కటి కూడా కలవట్లేదు. పైగా ట్రాక్ ఇళ్ళ మీద నుంచి నడిచినట్టు పడింది. (విజయవాడ)

జవాబు: అమ్మా, మంచి పని చేస్తున్నారు, ఆ గుర్తులు గోడలకి సున్నం వేస్తే పోతాయి, మళ్ళీ దొరకవు. టైం సంగతి చాలా తేలిక. జీపీఎక్స్ ఫైల్‌లో టైం యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) ఉంటుంది, మన టైం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మీరు పొద్దున 9:40కి తీసిన ఫొటో పక్కన ట్రాక్‌లో 4:10 ఉంటుంది. తెల్లారగట్ల ఐదింటికి మొదలెడితే ట్రాక్‌లో ముందు రోజు తారీఖు కూడా పడుద్ది. ముందు ఒక్క చుక్క తీసుకుని మీకు బాగా గుర్తున్న చోటుతో సరిచూడండి, కొన్ని యాప్‌లు సీఎస్‌వీలోకి ఇచ్చేటప్పుడే మన టైంలోకి మార్చేస్తాయి, అలాంటి దానికి మళ్ళీ కలిపితే ఇంకో ఐదున్నర గంటలు జరిగిపోద్ది. యూటీసీ అని తేలాక కొత్త కాలమ్‌లో 5 గంటల 30 నిమిషాలు కలపండి.

ఐదున్నర సరిచేశాక కూడా నిమిషమో రెండు నిమిషాలో తేడా ఉంటే అది కెమెరా గడియారం. ఇప్పుడైనా పర్లేదు, ఆ కెమెరా టైం ఎవరూ మార్చకుండా ఉంటే, ఫోన్ గడియారం సెకన్లతో సహా తెర మీద పెట్టి దాన్ని కెమెరాతో ఫొటో తియ్యండి. ఫొటోలో కనపడే టైంకీ ఫొటో ఫైల్‌లో రాసుకున్న టైంకీ ఎంత తేడా ఉందో అంతే అన్ని ఫొటోలకీ కలపండి లేదా తియ్యండి. కెమెరా గడియారాలు రోజులు గడిచేకొద్దీ కొంచెం జరుగుతాయి కాబట్టి ఈ పని ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ఇక మీదట సర్వేకి వెళ్ళిన ప్రతిరోజూ మొదటి ఫొటో ఇదే తియ్యండి. ఆ తర్వాత ప్రతి ఫొటోకీ టైంలో దగ్గరగా ఉన్న చుక్క స్థానం ఇచ్చేస్తే సరి. క్యూజీఐఎస్ 3.14 నుంచి టెంపొరల్ కంట్రోలర్ ఉంది, దాంతో ట్రాక్‌ని టైం ప్రకారం నడిపించి చూస్తే ఎక్కడ ఆగి ఫొటో తీశారో కళ్ళకి కనపడుద్ది, తప్పులు పట్టుకోటానికి అంతకంటే మంచి దారి లేదు.

ట్రాక్ ఇళ్ళ మీదకెక్కటం ఇరుకు సందుల్లో మామూలే. అట్లాగని ఫొటో చుక్కల్ని అన్నిటినీ ఒకేసారి రోడ్డు మీదకి జరిపే టూల్స్ వాడొద్దు, పక్క వీధిలోకి జరిగితే నీటి ఎత్తు వేరే వీధి ఖాతాలో పడిపోద్ది. ఫొటో చూసి ఏ గోడో గుర్తుపట్టి చేత్తో జరపండి, జరిపిన చుక్కకి చేత్తో జరిపాం అని ఒక కాలమ్‌లో రాయండి. మీ తర్వాత ఎవరైనా ఈ డేటా వాడితే వాళ్ళకి ఆ సంగతి తెలియాలి.

ప్రశ్న: నేను ఆటో నడుపుతా, సాయంత్రాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా గియ్యగలిగే ఉచిత మ్యాప్) మా ఏరియా సందులు వేస్తుంటా. నా ట్రాకులు అందులో అప్‌లోడ్ చెయ్యొచ్చా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: చెయ్యండన్నా, ఆటో తిరిగినన్ని సందులు ఇంకెవరు తిరుగుతారు. ఒకే సందులో వేరే వేరే రోజుల ట్రాకులు పక్కపక్కన పడితే వాటి మధ్యలో రోడ్డు ఎక్కడుందో బాగా తెలుస్తుంది, ఒక్క ట్రాక్‌ని పట్టుకుని గియ్యొద్దు. శాటిలైట్ బొమ్మలు కూడా ఒక్కోచోట కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటాయి, ఆ జరుగుడు పట్టుకోటానికి మీ ట్రాకుల గుంపే ఆధారం, ముందు బొమ్మని ట్రాకులకి సర్దుకుని తర్వాత ఇళ్ళూ రోడ్లూ గియ్యండి.

అప్‌లోడ్ చేసే ముందు రెండు కొసలూ కత్తిరించండి. రోజూ ట్రాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూస్తే మీ ఇల్లు ఎవరికైనా తెలిసిపోద్ది, ఏ టైంకి ఇంట్లో ఉండరో కూడా. క్యూజీఐఎస్‌లో ఇంటి చుట్టూ మూడు నాలుగొందల మీటర్ల బఫర్ (చుట్టూ ఉండే వలయం) గీసి లోపల పడ్డ చుక్కలన్నీ తీసేస్తే పనైపోద్ది, బఫర్ మధ్య బిందువు సరిగ్గా ఇంటి మీద కాకుండా కాస్త పక్కకి పెట్టండి, లేకపోతే కోసిన చోట్లు గుండ్రంగా కనపడి మధ్యలో ఇల్లుందని చెప్పేస్తాయి. అప్‌లోడ్ చేసేటప్పుడు ట్రాక్ ఎవరికి ఎంతవరకు కనపడాలో అడుగుద్ది, ప్రైవేట్ అని పెడితే చుక్కలు పేరు లేకుండా, టైం లేకుండా మాత్రమే బయటికి పోతాయి. మీ ఆటో ఎక్కిన వాళ్ళని దింపిన ఇళ్ళు కూడా అందులో ఉంటాయి కాబట్టి అదే పెట్టండి.